పెద్ద అక్షరాల ఖర్చు, చిన్న అక్షరాల చట్టం

ఒంగోలులో గానీ నెల్లూరులో గానీ పొద్దున్నే వచ్చే తెలుగు దినపత్రికను జిల్లా ఎడిషన్‌తో సహా విప్పి, అందులో ప్రభుత్వ సొమ్ముతో అచ్చయినవన్నీ ఒకచోట చేర్చి చూస్తే అవి రెండు జాతులుగా విడిపోతాయి. ఒకటి మొదటి పేజీని నిండుగా కమ్మేసే రంగుల ప్రకటన. అందులో నవ్వుతున్న నాయకుడి బొమ్మ, పథకం పేరు, లబ్ధిదారుల సంఖ్య, జమ అవుతున్న కోట్ల మొత్తం ఉంటాయి. రెండోది లోపలి పేజీలో, ఇంటి స్థలాల అమ్మకానికీ పేరు మార్పు ప్రకటనలకూ మధ్య, నలుపు తెలుపుల్లో ఇరుక్కొని ఉండే నోటీసు. అందులో గ్రామం పేరు, సర్వే నంబర్లు, ఎకరాలు, సెంట్లు, ఒక గడువు తేదీ, కింద కలెక్టరు హోదా ఉంటాయి. మొదటిదాన్ని వేయమని ఏ చట్టమూ చెప్పదు. రెండోదాన్ని వేయకపోతే చట్టం ఒప్పుకోదు.

ప్రభుత్వ శాఖల ప్రచార వ్యయం మీద చర్చ ఎప్పుడు వచ్చినా అది మొత్తం ఎంత అన్న దగ్గర మొదలై అక్కడే ఆగిపోతూ ఉంటుంది. 2014 నుంచి 2022 డిసెంబరు మొదటి వారం దాకా కేంద్ర ప్రభుత్వం ప్రకటనలకు 6,491.56 కోట్ల రూపాయలు ఖర్చు పెట్టినట్టు లోక్‌సభకు ఇచ్చిన జవాబులో ఉంది. ఇందులో పత్రికలకు వెళ్లింది 3,230.77 కోట్లు, ఎలక్ట్రానిక్ మాధ్యమాలకు వెళ్లింది 3,260.79 కోట్లు. ఈ అంకె పెద్దదా చిన్నదా అన్నది చూసేవారు ఏ పక్షాన ఉన్నారన్న దాన్ని బట్టి మారిపోతుంది. దేశ బడ్జెట్ ముందు ఇదొక లెక్క కాదని ఒకరంటే, దీంతో ఎన్ని బడులకు పైకప్పులు వేయవచ్చునో ఇంకొకరు లెక్క చెబుతారు. ఇద్దరూ తప్పు చెప్పడం లేదు. కానీ మొత్తం మీదే చూపు నిలిపిన వాళ్లకు ఒక ప్రశ్న కనిపించదు: చెప్పి తీరవలసిన సంగతికి ఎంత జాగా దక్కింది, చెప్పకపోయినా ఎవరికీ నష్టం లేని సంగతికి ఎంత జాగా దక్కింది?

జాగా అన్న మాట ఇక్కడ ఉపమానం కాదు. పత్రికా ప్రకటనల ధర చదరపు సెంటీమీటరుకు ఇంత అని కట్టేదే. పెద్ద సైజు దినపత్రికలో నిండు పేజీ అచ్చు భాగం సుమారుగా 33 సెంటీమీటర్ల వెడల్పు, 52 సెంటీమీటర్ల ఎత్తు, అంటే దాదాపు 1,716 చదరపు సెంటీమీటర్లు. లోపలి నోటీసు 8 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉందనుకుంటే 80 చదరపు సెంటీమీటర్లు. ఒకటికి ఇరవై ఒకటి అన్నమాట. దీనికి తోడు రంగుకూ మొదటి పేజీకీ విడిగా అదనపు ధర ఉంటుంది. నిండు పేజీ రాష్ట్రంలోని ఎడిషన్లన్నింటిలోనూ ఒకే రోజు పడుతుంది. నోటీసు మాత్రం ఆ జిల్లా ఎడిషన్ దాటి బయటికి పోదు. ఇవన్నీ గుణించుకుంటూ పోతే తేడా ఇరవై రెట్ల దగ్గర ఆగదు.

ఈ డబ్బు నడిచే దారి ఒకసారి చూడాలి. రాష్ట్రంలో ఏ శాఖ అయినా తనంతట తాను పత్రికకు ప్రకటన పంపకుండా సమాచార పౌర సంబంధాల శాఖ ద్వారా పంపడం సాధారణ పద్ధతి. ప్రకటన పాఠం, కావలసిన కొలత, అచ్చు కావలసిన తేదీ శాఖ నుంచి వస్తాయి. ఏ పత్రికలకు ఇవ్వాలో సమాచార శాఖ తేల్చి రిలీజ్ ఆర్డరు ఇస్తుంది. పత్రికల వాళ్లు దీన్ని ఆర్వో అనే అంటారు. అచ్చయిన తరువాత ఆ రోజు ప్రతిని బిల్లుకు జతచేసి పంపితే, కొలతను ఆమోదించిన రేటుతో సరిచూసి బిల్లును ఖజానాకు పంపుతారు. చిన్న పత్రిక నడిపే వారికి ఆర్వో చేతికి రావడం ఒక పండుగ, బిల్లు పాసవడం ఇంకో పండుగ. రెండు పండుగలూ ఒకే ఏడాదిలో రావాలన్న నియమం మాత్రం లేదు.

కేంద్ర ప్రభుత్వ ప్రకటన అయితే అడుగున, అంచు గీతను ఆనుకొని, చీమంత అక్షరాల్లో ఒక అంకెల వరుస కనిపిస్తుంది. ఇప్పటి ప్రకటనల్లో అది సీబీసీ అని మొదలవుతుంది, కొన్నేళ్ల కిందటి వాటిలో డీఏవీపీ అని ఉంటుంది. 1955లో ఏర్పడిన ప్రకటనలు, దృశ్య ప్రచార డైరెక్టరేటును, అంటే డీఏవీపీని, 2017 చివర క్షేత్ర ప్రచార విభాగంతోనూ, పాటలు, నాటికల విభాగంతోనూ కలిపేశారు. ఆ కలయికే ఇప్పుడు సెంట్రల్ బ్యూరో ఆఫ్ కమ్యూనికేషన్ అనే పేరుతో ఉంది. వాలుగీతలతో విడగొట్టిన ఆ అంకెల్లో చివరి నాలుగూ ఆర్థిక సంవత్సరాన్ని చెబుతాయి. 1920 అని ఉంటే అది సహాయ నిరాకరణ ఉద్యమ కాలం నాటి ప్రకటన కాదు, 2019-20 నాటిది. రాష్ట్ర ప్రకటనల అడుగున కూడా ఇలాగే ఆర్వో నంబరు ఉంటుంది. పైన ఉన్న బొమ్మను ఎంతమంది చూసినా, ఖర్చు ఆనవాలు మాత్రం ఈ ఒక్క వరుసలోనే ఉంటుంది.

ఇక బడ్జెట్ పుస్తకాల్లో వెతికితే దొరికేది 2220 అనే పద్దు. దాని పేరు సమాచారం, ప్రచారం. అందులో ప్రకటనలకూ దృశ్య ప్రచారానికీ ఒక చిన్న పద్దు, క్షేత్ర ప్రచారానికి ఒకటి, పాటలకూ నాటికలకూ మరొకటి, ఇలా విడివిడిగా ఉంటాయి. ఈ పెద్ద పద్దు నంబరు దేశమంతటికీ ఒకటే కాబట్టి ఏ రాష్ట్రం లెక్కలోనైనా దాన్ని పట్టుకోవచ్చు. చిక్కు ఏమిటంటే ఇందులో కనిపించేది ప్రధానంగా సమాచార శాఖ ఖర్చు మాత్రమే. మిగిలిన శాఖలకు తమ తమ పద్దుల కింద ప్రకటనలు, ప్రచారం అనే వరుస ఉంటుంది. పథకాల నిధుల్లో అవగాహన పేరుతో కొంత వాటా ఉంటుంది. కార్పొరేషన్లకు, నగరపాలక సంస్థలకు సొంత ఖాతాలు ఉంటాయి. బహిరంగ సభ వేదిక, షామియానా, జనాన్ని తీసుకువచ్చే బస్సుల అద్దె, దారి పొడవునా కట్టే ఫ్లెక్సీలు సభ జరిపిన శాఖ లెక్కలో కార్యక్రమ నిర్వహణగా పడవచ్చు. ఈ లెక్కన 2220 ఒక్కటే చూసి ప్రచారం ఖర్చు ఇంతేనని తేల్చడం, ఇంటి ఖర్చు తెలుసుకోవడానికి పెద్దకొడుకు జేబు ఒక్కటే తడిమినట్టుంటుంది.

పథకం లోపల ప్రచారానికి వాటా పెట్టడంలో తప్పేమీ లేదు. 2014లో స్వచ్ఛ భారత్ గ్రామీణ విభాగానికి వచ్చిన మార్గదర్శకాలు మొత్తం వ్యయంలో 8 శాతం దాకా సమాచారం, అవగాహన పనులకు కేటాయించాయి. అందులో 3 శాతం కేంద్ర స్థాయిలో, 5 శాతం రాష్ట్ర స్థాయిలో ఖర్చు చేయాలి. మరుగుదొడ్డి కట్టించడం ఒక ఎత్తు, దాన్ని వాడేలా చేయడం ఇంకో ఎత్తు అని తెలిసిన వారు పెట్టిన నియమం అది. అయితే ఇంటింటికీ తిరిగి చెప్పడం కష్టమైన పని, దానికి బిల్లు పెట్టడం ఇంకా కష్టం. గోడ మీద బొమ్మ వేయిస్తే చదరపు అడుగుల లెక్కన బిల్లు వెంటనే తయారవుతుంది, ఫోటో కూడా ఉంటుంది. అందుకే ఈ వాటాలో మాటకంటే రంగుకు ఎక్కువ ఖర్చవుతుంది. బేటీ బచావో బేటీ పఢావో పథకంలో 2016 నుంచి 2019 వరకు విడుదలైన 446.72 కోట్లలో 78.91 శాతం మాధ్యమాల ప్రచారానికే పోయిందని పార్లమెంటు మహిళా సాధికారత కమిటీ 2021 డిసెంబరులో ఎత్తిచూపింది. ఆడపిల్లల పట్ల సమాజం చూపు మార్చడమే పథకం లక్ష్యం కాబట్టి ప్రచారం ఉండాల్సిందేనన్న వాదన ఉంది. కానీ నూటికి దాదాపు ఎనభై ప్రకటనలకే పోతే ఆ పిల్లల చదువుకూ ఆరోగ్యానికీ మిగిలేది ఎంత అని కమిటీ అడిగింది. ఆ అడగడంలో న్యాయం ఉంది.

ఇప్పుడు లోపలి పేజీకి రావాలి. 2013 నాటి భూసేకరణ చట్టం 11వ సెక్షను ప్రకారం ప్రాథమిక నోటిఫికేషన్‌ను గెజిట్‌తో పాటు ఆ ప్రాంతంలో చదివే రెండు దినపత్రికల్లో ప్రచురించాలి, వాటిలో ఒకటి ప్రాంతీయ భాషలో ఉండాలి. పంచాయతీ కార్యాలయంలో, తహసీల్దారు, కలెక్టరు కార్యాలయాల్లో స్థానిక భాషలో అంటించాలి, వెబ్‌సైట్లో పెట్టాలి. అభ్యంతరం చెప్పుకోవడానికి 15వ సెక్షను ఇచ్చే గడువు 60 రోజులు. ఆ రోజుల లెక్క నోటిఫికేషన్ ప్రచురణతోనే మొదలవుతుంది. పట్టాదారు ఆ పూట పత్రిక చూశాడా లేదా అన్నది ఆ లెక్కలోకి రాదు.

ప్రకాశం, నెల్లూరు జిల్లాల సముద్ర తీరానికి ఈ నోటీసు భాష బాగా పరిచయమైనదే. రామాయపట్నం ఓడరేవుకు 2022 జులైలో శంకుస్థాపన జరిగింది. 2025లో ఉలవపాడు మామిడి తోటల పక్కన ఉన్న కరేడులో భూములు ఇచ్చేది లేదని రైతులు జాతీయ రహదారి మీదికి వచ్చారు. అటువంటి చోట నోటీసును దగ్గరగా పెట్టుకొని చూస్తే అది చదవడానికి అచ్చువేసింది కాదని తెలిసిపోతుంది. ఐదారు నిలువు వరుసల పట్టిక ఉంటుంది. సర్వే నంబరు 118-3బి అన్నచోట ఆ అంకె 3 అయిందీ 8 అయిందీ భూతద్దం లేకుండా తేలదు. వరుసలో స్థలం చాలక పట్టాదారు పేరు సగంలో విరిగి కింది గడిలోకి జారుతుంది. శీర్షికలో రైతుకు అర్థమయ్యే ముక్క ఒక్కటీ ఉండదు. “మీ భూమి తీసుకోబోతున్నాం, అభ్యంతరం ఉంటే ఫలానా తేదీలోగా ఫలానా కార్యాలయంలో రాసి ఇవ్వండి” అన్న వాక్యం, ఉన్నా, సెక్షన్ల నంబర్ల మధ్య ఎక్కడో నలిగి ఉంటుంది. పట్టాదారుల్లో చాలామంది హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటున్న కాలం ఇది. వారింటికి వచ్చే పత్రికలో ఈ జిల్లా ఎడిషన్ ఉండదు. దీనికి తోడు 2022 ఏప్రిల్లో జిల్లాల పునర్విభజన జరిగి కందుకూరు ప్రాంతం ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలో చేరింది. పుట్టినప్పటి నుంచీ ఒంగోలు వార్తలు చదువుతున్న ఊళ్లకు కలెక్టరేటు ఒక్కసారిగా నెల్లూరు అయింది. ఆ ప్రాంతంలో చదివే పత్రిక అని చట్టం అన్నప్పుడు అక్కడ జనం ఏ ఎడిషన్ తెప్పించుకుంటున్నారు అన్నది చిన్న విషయం కాదు.

పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ కూడా ఇలాంటిదే. 2006 నాటి నోటిఫికేషన్ ప్రకారం సభకు కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ దినపత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన వేయాలి. చీమకుర్తి గ్రానైట్ క్వారీల చుట్టూ, కృష్ణపట్నం విద్యుత్ కేంద్రాల చుట్టూ ఉన్న పల్లెల వారికి ఈ సభలంటే ఏమిటో విడమరిచి చెప్పనక్కరలేదు. జాతీయ పత్రిక అంటే ఆచరణలో ఇంగ్లిషు పత్రికే కాబట్టి, రెండు ప్రకటనల్లో ఒకటి ఊరివారికి కాక ఫైలుకు పనికివస్తుంది. టెండరు ప్రకటనల సంగతి కొంచెం నయం. 2003 నుంచి ఈ-ప్రొక్యూర్‌మెంట్ వచ్చాక పూర్తి వివరాలు వెబ్‌సైట్లో దొరుకుతున్నాయి కాబట్టి పత్రికలో రెండు ముక్కలు వేసినా కాంట్రాక్టరుకు ఇబ్బంది లేదు. అతను చూసుకోగలడు. సర్వే నంబరు పోగొట్టుకునే రైతుకు ఆ వెసులుబాటు లేదు.

నిండు పేజీల విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కామన్ కాజ్ సంస్థ 2003లో వేసిన వ్యాజ్యంలో, న్యాయశాస్త్ర ఆచార్యుడు ఎన్.ఆర్.మాధవ మేనన్ నాయకత్వంలోని కమిటీ సిఫార్సుల ఆధారంగా, 2015 మే 13న తీర్పు వచ్చింది. ప్రభుత్వ ప్రకటన ప్రభుత్వ బాధ్యతలకు సంబంధించినదై ఉండాలి, నిష్పాక్షికంగా ఉండాలి, అధికార పక్షానికి లాభం చేసేది కాకూడదు, ఖర్చుకు తగిన కారణమూ పొదుపూ ఉండాలి, ఆర్థిక నియమాలకు లోబడాలి అన్నవి ఆ మార్గదర్శకాల సారాంశం. జనంలో చర్చ మాత్రం ఫోటో దగ్గరే నిలిచిపోయింది. రాష్ట్రపతి, ప్రధాని, భారత ప్రధాన న్యాయమూర్తి బొమ్మలు తప్ప మరెవరివీ ఉండరాదన్న నియమాన్ని రాష్ట్రాలు ప్రశ్నించగా, 2016 మార్చి 18న కోర్టు గవర్నర్లకు, ముఖ్యమంత్రులకు, మంత్రులకు కూడా వెసులుబాటు ఇచ్చింది. దానితో బొమ్మల గొడవ తీరింది, ప్రకటనల పొడవూ వెడల్పూ అలాగే ఉన్నాయి.

ఆ తీర్పులో అసలు చూడవలసినవి కోర్టు ఒప్పుకోని రెండు సిఫార్సులు. ప్రకటనల వల్ల ఏం ప్రయోజనం కలిగిందో పరిశీలించే పనితీరు ఆడిట్ ప్రత్యేకంగా ఉండాలన్నది ఒకటి, ఎన్నికలు దగ్గరపడినప్పుడు ప్రకటనలు ఆపాలన్నది రెండోది. రెండింటినీ కోర్టు పక్కన పెట్టింది. మొదటిది లేకపోవడం వల్ల, ప్రకటన అచ్చయిందా, కొలత సరిపోయిందా, రేటు సరైనదేనా అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే లెక్క ముగిసినట్టే అవుతోంది. దాన్ని చదివి ఎవరైనా ఏదైనా చేయగలిగారా అని అడిగే బాధ్యత ఏ కుర్చీకీ లేదు. రెండోది లేకపోవడం వల్ల ఎన్నికల ప్రవర్తనా నియమావళి ఒక్కటే అడ్డుగోడ. అది షెడ్యూలు ప్రకటించిన రోజు నుంచే అమలవుతుంది. ఆ తేదీ ఎప్పుడొస్తుందో అందరికీ సుమారుగా తెలుసు కాబట్టి అంతకుముందు వారాలే ప్రకటనలకు సుగ్గి కాలం. మార్చి 31తో నిధులు మురిగిపోతాయన్న తొందర కూడా అదే రోజుల్లో కలిసివస్తుంది.

ఉమ్మడి ప్రకాశం జిల్లాకు దీని ఉదాహరణ కోసం ఎక్కడికీ పోనక్కరలేదు. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు, 2004లో మరో ముఖ్యమంత్రి పనులకు శ్రీకారం చుట్టారు, 2024 మార్చి 6న ఇంకో ముఖ్యమంత్రి జంట సొరంగాలను జాతికి అంకితం చేశారు. పదిరోజులకు, మార్చి 16న, ఎన్నికల షెడ్యూలు వచ్చింది. సుంకేసుల, కలనూతల, గుండంచర్ల వంటి ముంపు గ్రామాల పునరావాసం అప్పటికి పూర్తికాలేదు, జలాశయంలోకి నీళ్లూ రాలేదు. మూడు పార్టీల కాలంలో మూడు శిలాఫలకాలు నిలబడ్డాయి. శిలాఫలకం కూడా ప్రచారమే, పత్రికా ప్రకటన కంటే ఎక్కువకాలం నిలిచేది. దాని ఖర్చు మాత్రం నీటిపారుదల పనుల లెక్కలో కలిసిపోతుంది.

గోడల రంగుల కథ కూడా ప్రచారం పద్దుకు అందనిదే. పంచాయతీ భవనాలకు అధికార పార్టీ జెండాను తలపించే రంగులు వేయడాన్ని 2020 మార్చిలో రాష్ట్ర హైకోర్టు తప్పుపట్టి తీసేయమంది. వాటికి మట్టి రంగు ఒకటి జోడించి ఇచ్చిన ఉత్తర్వును మే నెలలో కొట్టివేసింది. జూన్‌లో సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పునే నిలబెట్టింది. వేసిన రంగుకు ఒకసారి, తుడిచిన రంగుకు ఒకసారి చెల్లించినవి భవనాల నిర్వహణ బిల్లులే. పథకాల పేర్లదీ అదే వరస. చంద్రన్న పోయి జగనన్న వచ్చినప్పుడు ఒకసారి, 2024లో ప్రభుత్వం మారి పింఛను మళ్లీ ఎన్టీఆర్ భరోసా అయినప్పుడు ఇంకోసారి, బోర్డులు, దరఖాస్తులు, కార్డులు, కరపత్రాలు మారాయి. గోరుముద్ద అనే పేరు తీసి మధ్యాహ్న భోజనానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టడం, విద్యార్థుల కిట్లకు సర్వేపల్లి రాధాకృష్ణన్ పేరు పెట్టడం నిస్సందేహంగా మెరుగైన ఎంపిక. ఆ పేర్లతో ఓట్లు అడిగేవారు ఎవరూ లేరు. పేరు మార్పుకయ్యే అచ్చు కూలి మాత్రం మహనీయుల పేరుకైనా నాయకుడి పేరుకైనా ఒక్కటే.

ఇదంతా చదివి పత్రికలు దీన్ని ఎందుకు నిలదీయవని అడగవచ్చు. 25,000 ప్రతుల లోపు అమ్ముడయ్యే పత్రికను చిన్నదని, 75,000 వరకు మధ్యరకమని, ఆపైన పెద్దదని కేంద్రం విభజించింది. చిన్నదానికి ఆర్వో జీతాల మాట, పెద్దదానికి లాభం మాట. పత్రికకు ప్రభుత్వ సొమ్ము చేర్చడానికి ప్రకటన ఇవ్వడం ఒక్కటే మార్గం కాదని 2022లో రాష్ట్రం చూపింది. విస్తృత సర్క్యులేషన్ ఉన్న దినపత్రిక కొనుక్కోవడానికి ఒక్కో గ్రామ, వార్డు వాలంటీరుకు నెలకు 200 రూపాయలు ఇస్తూ ఉత్తర్వు వచ్చింది. వాలంటీర్లు రెండున్నర లక్షలనుకున్నా అది నెలకు ఐదు కోట్లు. ఒక పత్రిక యాజమాన్యం దీన్ని సవాలు చేయగా, 2023 ఏప్రిల్లో సుప్రీంకోర్టు ఆ కేసును ఢిల్లీ హైకోర్టుకు బదిలీ చేసింది. ఆ ఢిల్లీలోనే మూడేళ్లలో ప్రకటనలకు దాదాపు 1,100 కోట్లు ఖర్చు పెట్టిన ప్రభుత్వం ప్రాంతీయ రైలు మార్గానికి తన వాటా 415 కోట్లు ఇవ్వడానికి డబ్బు లేదనడాన్ని సుప్రీంకోర్టు 2023 జులైలో గట్టిగా తప్పుపట్టి, చెల్లించి తీరమంది.

ప్రభుత్వ ప్రచారం అంటేనే వృథా అనుకుంటే నెల్లూరు జిల్లా చరిత్ర ఒప్పుకోదు. 1991 జనవరిలో ఇక్కడ సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. ప్రభుత్వ నిధులతో కళాజాతాలు ఊరూరా తిరిగాయి, లాంతరు వెలుగులో రాత్రి బడులు నడిచాయి, వాచకాల్లో సారా మీద ఒక పాఠం చేరింది. ఆ చదువుకు వచ్చిన ఆడవాళ్లు కలిగిరి మండలం దూబగుంటలో సారా దుకాణం మూయించారు. రోసమ్మ పేరు అక్కడి నుంచే రాష్ట్రమంతా తెలిసింది. 1992లో సారా వేలం పాటలు సాగనివ్వలేదు. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఒక శాఖ ఖర్చుపెట్టి నేర్పిన అక్షరాలు మరో శాఖ ఆదాయాన్ని ఎండగట్టాయి. ఈ ఫలితం కావాలని ఎవరూ పద్దు రాయలేదు. ఆ ప్రచారంలో నిండు పేజీ లేదు, ఎవరి బొమ్మా లేదు. ఎదురుగా కూర్చున్న మనిషికి తన ఇంట్లో జరుగుతున్నదే పాఠంగా చెప్పడం ఒక్కటే ఉంది.

ఖజానాకు పైసా ఖర్చులేని ప్రచారం ప్రకాశం జిల్లా పొగాకు చుట్టూ ఉంది. ఒంగోలు వేలం కేంద్రాల నుంచి వెళ్లిన ఆకుతో తయారయ్యే సిగరెట్టు పెట్టె మీద 2016 ఏప్రిల్ 1 నుంచి రెండు వైపులా 85 శాతం జాగా ఆరోగ్య హెచ్చరికకు ఇవ్వాలి. 2018 సెప్టెంబరు నుంచి మానేయాలనుకునే వారికి ఒక ఉచిత ఫోన్ నంబరు కూడా దాని మీద ఉంది. అచ్చు ఖర్చు కంపెనీదే. హెచ్చరిక ఎవరికి చేరాలో సరిగ్గా వారి చేతిలోకే, ప్రతిసారీ చేరుతుంది, పక్కనే ఏం చేయాలో చెప్పే నంబరుంటుంది. సాగుకు పొగాకు బోర్డు, మానిపించడానికి నంబరు రెండూ ఒకే కేంద్ర ప్రభుత్వానివి అన్నది వేరే చర్చ.

తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం అమలవుతుంది. కొత్తపట్నంలోనో జువ్వలదిన్నెలోనో ఈ కబురు చేరడానికి మైకు కట్టిన ఒక ఆటో చాలు. ఇదివరకు టముకు వేసేవారు. ఖర్చు వందల్లో, చేరవలసిన వారిలో చేరనివారు ఉండరు. నిషేధ కాలపు భృతిని, 2025లో 10,000 నుంచి 20,000 రూపాయలకు పెంచిన దాన్ని, విడుదల చేసే రోజున మాత్రం పత్రికల్లో పెద్ద ప్రకటనలు వస్తాయి. డబ్బు నేరుగా ఖాతాలో పడుతుంది కాబట్టి అందుకున్న వ్యక్తికి ఆ ప్రకటన చెప్పే కొత్త సంగతి లేదు. కబురు అవసరమైనది జాబితాలో పేరు రాని మనిషికి: ఏ కార్యాలయానికి పోవాలి, ఏ కాగితం పట్టుకుపోవాలి, ఎప్పటిలోగా. ఆ మూడు ముక్కలకు అంత పేజీలోనూ చోటు దొరకడం అరుదు.

భూసేకరణ నోటీసును మొదటి పేజీకి తెమ్మని ఎవరూ అడగడం లేదు. పట్టికను చదవగలిగే అక్షరాల్లో వేయడానికి, పైన తేటతెలుగులో రెండు వాక్యాల శీర్షిక పెట్టడానికి, పట్టాదారు ఫోన్ నంబరుకు సందేశం పంపడానికి అయ్యే ఖర్చు ఒక నిండు పేజీ ముందు ఎంత అన్నది శాఖలు ఒక్కసారి లెక్క వేసుకోవచ్చు. చట్టంలో కనీసపు కొలత, అక్షరం సైజు రాయలేదు. రాయలేదు కాబట్టే వాటిని ఎంత కుదించినా అడ్డు లేదు.

ఈ తేడా ఎంతో జిల్లా మట్టుకు తెలుసుకోవాలంటే సమాచార హక్కు చట్టం ఉంది. కేటాయింపులు, ఖర్చుల వివరాలు అడగకుండానే ప్రకటించాలని 4వ సెక్షను చెబుతుంది. ప్రకటించకపోతే జిల్లా స్థాయి కార్యాలయంలో దరఖాస్తు రుసుము 10 రూపాయలు, మండల స్థాయిలో 5, గ్రామ స్థాయిలో ఏమీ లేదు, జవాబుకు గడువు 30 రోజులు. మొత్తం ఎంత అని అడిగితే మొత్తమే వస్తుంది, దానితో ఏమీ తేలదు. ఆర్వో నంబరు, తేదీ, పత్రిక, ఎడిషన్, ప్రకటన కొలత, చెల్లించిన సొమ్ము, ఏ చట్టం కింద వేశారు అన్న ఏడు గడులతో పట్టిక అడగాలి. చివరి గడి ఖాళీగా ఉన్న వరుసల కొలతలు ఒకపక్క, నిండిన వరుసల కొలతలు మరోపక్క కూడుకుంటే పని అయిపోతుంది. అయితే సమాచార శాఖ కార్యాలయం ఇచ్చే పట్టికలో ఆ శాఖ చేతి మీదుగా పోయినవే ఉంటాయి. మిగతా వాటికి నీటిపారుదలను ఒకసారి, పంచాయతీరాజ్‌ను ఒకసారి, నగరపాలక సంస్థను ఇంకోసారి, పదేసి రూపాయలు కట్టి విడివిడిగా అడగవలసిందే.